టిన్ను ఎండ్రకాయ గుడ్లు వండే ముందు

నెల్లూరులో తాజా ఎండ్రకాయల పులుసు తిని పెరిగిన మనకు టిన్నులో వచ్చే గుడ్లు కొత్త. మూత తీసేముందు ఇవి చూసుకోండి.

• మూతను బొటనవేలితో నొక్కండి. టక్కుమని లోపలికి పోయి మళ్లీ లేచినా, టిన్ను ఉబ్బినా, అతుకు దగ్గర సొట్ట పడినా, తెరవగానే రసం చిమ్మినా పారేయండి. రుచి చూసి తేల్చుకుందాం అనుకోవద్దు. బొటులిజం విషం (పాడైన టిన్నులో బ్యాక్టీరియా వల్ల పుట్టే ప్రాణాంతక విషం) ఉన్నా వాసన, రుచి మారకపోవచ్చు. డబ్బులు పోయాయన్న దిగులు అస్సలు వద్దు.

• రొయ్యలు, ఎండ్రకాయలు పడనివాళ్లు ఇంట్లో ఉన్నారా? ఎంత ఉడికించినా ఆ ఎలర్జీ పోదు.

• గుడ్లలో ఉప్పు ముందే ఉంటుంది. పులుసులో సగం ఉప్పే వేసి, గుడ్లు కలిపాక చూసుకోండి. మాంసకృత్తులు, బి12, ఒమేగా-3 దండిగా ఉన్నా కొలెస్ట్రాల్ కూడా ఎక్కువే. బీపీ ఉన్న పెద్దవాళ్లకు ఒక చెంచా చాలు.

• పులుసులో మామిడికాయ ముక్క మెత్తబడి, నూనె పైకి తేలాకే గుడ్లు వేయండి. రెండు నిమిషాల్లో దించేయాలి. మా అమ్మ మొదటిసారి మసాలాతోపాటే వేసేసింది, అన్నీ గట్టిపడి పంటికింద ఇసుకలా తగిలాయి.

• మిగిలినవి గాజు సీసాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి, 3 రోజుల్లోపు వాడేయండి.