మందులు వాడుతున్న మనిషికి అద్దె ఇల్లు: కుదర్చడం, నిలబెట్టడం

మానసిక జబ్బుతో ఆస్పత్రిలో చేరి, కుదుటపడి వచ్చిన మనిషికి ఇల్లు దొరకడం కష్టం. దొరికిన ఇల్లు మూణ్ణెల్లకే పోతే ఇంకా కష్టం. సామాను బయటపడిన రోజు నుంచే మాత్రలు తప్పుతాయి, నిద్ర తప్పుతుంది, జబ్బు తిరగబెడుతుంది. ఇల్లు పోయిన చోట్ల చాలాసార్లు గొడవ చిన్నదే అయివుంటుంది. రాత్రిపూట గట్టిగా మాట్లాడారనో, రెండు రోజులుగా తలుపు తీయలేదనో ఓనరు భయపడతాడు. ఎవరికి ఫోన్ చేయాలో ఆయనకు తెలియదు. అందుకే నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా టు-లెట్ బోర్డులు వెతకడానికి ముందే మనుషుల్ని కుదుర్చుకోండి.

నలుగురు చాలు. ఒకరు దగ్గరి బంధువు. ఇంకొకరు పిలిస్తే పది నిమిషాల్లో రాగలిగేంత దగ్గర్లో ఉండేవారు, ఇంటి రెండో తాళంచెవి వీరి దగ్గరే ఉండాలి. మూడోవారు అద్దె, కరెంటు బిల్లు లెక్క చూస్తారు. నాలుగోవారు ఆస్పత్రికి తోడు వస్తారు. అన్నీ ఒక్కరి నెత్తిన పెడితే ఆరు నెలల్లో ఆ ఒక్కరూ విసిగిపోతారు. ఈ నలుగురు ఎవరన్నది ఇంట్లో ఉండబోయే మనిషే తేల్చాలి. ఆయనకు గిట్టని బావమరిదిని తెచ్చి పెడితే అవసరం వచ్చిన రోజు అతనికి తలుపు తీయడు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద ఎవరైనా మానసిక వైద్యం విషయంలో తమ తరఫున ఒక ప్రతినిధిని ఎంచుకోవచ్చు. తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టినా, వేలిముద్ర వేసినా సరిపోతుంది. మనిషి బాగున్నప్పుడే ఇది రాయించి, ఒక కాపీ డాక్టరు దగ్గరున్న ఫైల్లో పెట్టించండి.

ఇల్లు చూసేటప్పుడు

తక్కువ అద్దె అని మిద్దె మీద రేకుల గది తీసుకోవద్దు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రోహిణి కార్తె ఎండ ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. మానసిక జబ్బుకు వాడే కొన్ని మందులు, వాటితో పాటు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ లాంటివి, చెమట పట్టడాన్ని తగ్గిస్తాయి. అప్పుడు ఒంట్లో వేడి బయటికి పోదు. మనసు ఉద్రేకం, దిగులు అదుపులో ఉంచడానికి ఇచ్చే లిథియం వాడేవాళ్ళకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలుతూ నడవడం, మాట ముద్దగా రావడం దాని గుర్తులు. ఇవి కనిపిస్తే తర్వాతి మాత్ర ఆపి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఒళ్ళునొప్పులని మందుల షాపులో ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ అడిగి తెచ్చుకోవడమూ లిథియాన్ని పెంచుతుంది. ఎండాకాలంలో ఉన్నట్టుండి ఉప్పు మానేయడమూ అంతే.

కాబట్టి కింది పోర్షన్, లేదా పైన ఇంకో అంతస్తున్న శ్లాబు ఇల్లు చూడండి. గదికి రెండువైపులా కిటికీలుండాలి, నీళ్ళు ఇంట్లోకే రావాలి. చనిపోవాలన్న ఆలోచనలు వచ్చిన మనిషైతే పిట్టగోడ పొట్టిగా ఉన్న మేడ ఇల్లు వద్దు. పల్లెల్లో అయితే పురుగుమందు డబ్బాలు ఆ ఇంట్లో, ఆ పశువుల కొట్టంలో లేకుండా చూడండి. మాత్రలు కూడా వారానికి సరిపడా మాత్రమే ఆయన దగ్గర ఉంచి, మిగతావి తోడున్నవారు దాచాలి.

నెల్లూరులో పెన్నా ఒడ్డు పల్లపు కాలనీల్లో 2021 నవంబరు వరద గుర్తులు గోడల మీద ఎంత ఎత్తులో ఉన్నాయో అడిగి తెలుసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండం ఎప్పుడు వస్తుందో తెలియని రోజుల్లో, పదిహేను రోజుల మందులు అదనంగా పాలిథిన్ కవర్లో మూటకట్టి తోడున్నవారి ఇంట్లో ఉంచాలి.

ఓనరుతో మాట్లాడేటప్పుడు

జబ్బు పేరు ఓనరుకు చెప్పి తీరాలన్న నియమం లేదు. చెప్పాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం. అబద్ధం మాత్రం ఆడొద్దు, అది ఏదో ఒకరోజు తెలుస్తుంది. ఓనరుకు కావాల్సిన భరోసా ఇలా చెప్పండి: ‘‘అన్నా, మా తమ్ముడు ఒక్కడే ఉంటాడు. అద్దె అయిదో తేదీకల్లా ఫోన్‌పేలో పడుతుంది. ఏదన్నా ఇబ్బందయితే అర్ధరాత్రి అయినా సరే నాకు ఫోన్ చెయ్యి, పావుగంటలో వస్తా.’’ మందుల సంగతి అడిగితే, ‘‘బీపీకి వేసుకున్నట్టు రోజూ మాత్రలు వేసుకుంటాడు, నెలనెలా డాక్టరు చూస్తాడు’’ అంటే చాలు.

అగ్రిమెంటును తమ్ముడి పేరు మీద కాకుండా అన్నయ్య పేరు మీద రాయించడం చాలామంది చేసే పొరపాటు. రేపు అన్నకూ ఓనరుకూ చెడితే, ఆ ఇంట్లో ఉంటున్న తమ్ముడి చేతిలో కాగితం ఉండదు. జబ్బుమనిషి సంతకం చెల్లదని ఎవరైనా అంటే, పైన చెప్పిన 2017 చట్టం మూడో సెక్షన్ చూపించండి. మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన, కోర్టు ప్రకటించనిదే, మతి స్థిమితం లేనట్టు కాదు. స్థిమితంగా ఉన్న సమయంలో చేసిన ఒప్పందం కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లుతుంది.

పదకొండు నెలల మామూలు అగ్రిమెంటులోనే ఈ ఒక్క వాక్యం కలపమనండి: ‘‘అద్దెదారు ఆస్పత్రిలో చేరిన కాలంలో అద్దె చెల్లిస్తున్నంత వరకు ఇల్లు ఖాళీ చేసినట్టు కాదు.’’ దానికోసం ఒక నెల అద్దె విడిగా దాచండి.

డబ్బు సంగతి. సచివాలయంలో సదరం (వైకల్యం ఎంతో తేల్చే ప్రభుత్వ వైద్య పరీక్ష క్యాంపు) స్లాటు బుక్ చేసుకుని, వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. క్యాంపుకి డాక్టరు రాసిచ్చిన పాత చీటీలన్నీ తీసుకెళ్ళండి. జబ్బు ఎన్నేళ్ళుగా ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది.

తేడా కనిపించినప్పుడు

బాగున్న రోజుల్లోనే ఆ మనిషితో కూర్చుని ఒక అట్టముక్క మీద రాయించి, వంటింటి తలుపు లోపలివైపు అతికించండి. ‘రెండు రాత్రులు నిద్ర లేకపోతే, స్నానం మానేస్తే, ఫోన్ కట్టేసి పెడితే అక్కకు చెప్పాలి’ అని, ఆయన మాటల్లోనే, ఆయన చేతిరాతతో ఉండాలి. కింద నలుగురి నంబర్లు, డాక్టరు నంబరు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. ఆ నంబరుకు ఏ వేళ చేసినా డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వస్తే 108. నెల్లూరు దర్గామిట్టలోని ప్రభుత్వ ఆస్పత్రిలోనూ, ఒంగోలు ప్రభుత్వ ఆస్పత్రిలోనూ మానసిక విభాగాలున్నాయి.

ఎవరైనా పోలీసులను పిలిచినా కంగారుపడకండి. చట్టం ప్రకారం వాళ్ళు ఆ మనిషిని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. ఈ మాట స్టేషన్లో మర్యాదగా, గట్టిగా చెప్పండి.

ఓనరు ఖాళీ చేయమంటే ముందు కాగితం అడగండి. నెలవారీ అద్దెకు కనీసం 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత కూడా సామాను తనంతట తాను బయట పడేసే హక్కు ఓనరుకు లేదు, కోర్టుకు వెళ్ళాలి. బలవంతంగా బయటికి నెడితే ఆరు నెలల్లోపు దావా వేయాలి. మానసిక వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఫోన్‌పే రసీదులు అప్పుడే అక్కరకొస్తాయి.

ఆస్పత్రి నుంచి తిరిగి వచ్చే రోజుకు ముందురోజే తోడున్నవారు వెళ్ళి ఇల్లు ఊడ్చి, బిందె కడిగి నీళ్ళు పట్టి, ఫ్యాను తిరుగుతోందో లేదో చూడాలి. మర్నాడు ఆ మనిషితో కలిసే ఓనరు గుమ్మం దాకా వెళ్ళి, ‘‘వచ్చేశాం అన్నా’’ అని చెప్పి రండి. మొదటి వారం సాయంత్రం పూట ఎవరో ఒకరు అక్కడే అన్నం తినండి.