బ్రెయిల్ సేవ పట్టేసుకున్న రేడియో కేబుల్: నా అనుభవం

నా యూవీ-5ఆర్ చేతి రేడియోలో రిపీటర్ల (సంకేతాన్ని అందుకుని మళ్లీ ప్రసారం చేసే కేంద్రాల) ఫ్రీక్వెన్సీలు ఎక్కించాలని యూఎస్‌బీ కేబుల్ కొని, ఉబుంటు 22.04 (ఒక రకం లినక్స్) ఉన్న ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే, రేడియోలో చానెళ్లు ఎక్కించే చర్ప్ ప్రోగ్రాంలో పోర్టు ఏదీ కనిపించలేదు. కేబుల్ నకిలీదేమోనని అనుమానించాను. ఆ అనుమానం అన్యాయమని తర్వాత తేలింది.

తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశంతో చూస్తే 1ఏ86:7523 అనే గుర్తింపు సంఖ్య వచ్చింది. అది కేబుల్‌లోని సీహెచ్340 చిప్‌ది. దాని డ్రైవరు లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌లోనే ఉంటుంది కాబట్టి విడిగా ఏదీ దించుకోనక్కరలేదు. అసలు సంగతి కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ వరుసల్లో దొరికింది: టీటీవైయూఎస్‌బీ0 పోర్టు ఏర్పడిన మరుక్షణమే బీఆర్ఎల్‌టీటీవై అనే సేవ దాన్ని లాక్కోవడంతో, చిప్ డిస్కనెక్ట్ అయినట్టు నమోదైంది. చూపులేని వారి బ్రెయిల్ ప్రదర్శినులను నడిపే సేవ అది. అలాంటి ఒక పరికరానికీ ఇదే సంఖ్య ఉండటం వల్ల, నా కేబుల్‌ను కూడా బ్రెయిల్ పరికరమనే అనుకుంది.

నాకు ఆ సేవ అవసరం లేదు కనుక ప్రోగ్రాంలను ఎక్కించే, తీసేసే ఏపీటీ ఆదేశంతో తొలగించాను. అవసరమున్నవారు మాత్రం తొలగించకుండా, పరికరం తగిలించినప్పుడు ఏం జరగాలో చెప్పే యూడెవ్ నియమాల్లో ఈ సంఖ్య ఉన్న వరుసను, పనిచేయకుండా, వ్యాఖ్యగా మార్చుకుంటే చాలు. కేబుల్ తీసి మళ్లీ పెట్టగానే పోర్టు నిలిచింది గానీ, ఈసారి అనుమతి లేదన్నది. నా ఖాతాను ఇలాంటి పోర్టులు వాడే అనుమతి ఉన్న డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ చేసి తిరిగి వచ్చాక ఆ అడ్డూ తొలగింది.

ఆ తర్వాత కూడా రేడియో పలకలేదు. చూస్తే, రేడియోకు తగిలించే రెండు పిన్నుల ప్లగ్ సగమే దిగింది, టక్‌మనేదాకా నొక్కాను. ముందుగా రేడియోలోని పాత సమాచారాన్ని దించి భద్రపరిచి, ఆ తర్వాతే కొత్త చానెళ్లు ఎక్కించాను.