ముసురు పట్టకముందే కూరగాయ తోటల్లో కుళ్ళు తెగుళ్లను పోల్చుకోండి

మొక్క కుళ్ళిందనగానే మందుల షాపుకు పరిగెత్తకండి. శిలీంధ్రం వల్ల వచ్చిన కుళ్ళుకే శిలీంధ్రనాశిని పనిచేస్తుంది. బాక్టీరియా కుళ్ళుకో, కాల్షియం లోపానికో దాన్ని కొడితే డబ్బు నేలపాలే, ఈలోగా తెగులు పక్క సాళ్లకు పాకుతుంది. కుళ్ళు ఎక్కడ మొదలైంది, దాని మీద ఏముంది? ముందు ఈ రెండూ చూడాలి.

నారుమడిలో మొలకలు మొదలు దగ్గర మెత్తబడి గుంపులుగా ఒరిగిపోతే అది నారుకుళ్ళు. విత్తనం ఒత్తుగా పడిన చోట, నీరు నిలిచిన చోట ముందు కనిపిస్తుంది. మడి 15 సెం.మీ. ఎత్తుగా ఉండాలి. కిలో విత్తనానికి 3 గ్రా. థైరమ్ లేదా కాప్టాన్ అనే శిలీంధ్రనాశిని పొడి పట్టించండి. మొలకలు ఒరగడం మొదలైతే లీటరు నీటికి 3 గ్రా. కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి శిలీంధ్రనాశిని కలిపి మట్టి తడిసేలా పోయండి. సాయంత్రం నీళ్లు పెట్టొద్దు, మడి రాత్రంతా తడిగా ఉండిపోతుంది.

పొలంలో మొక్క వడలితే పీకి చూడండి. మొదలు చుట్టూ తెల్లటి బూజు, అందులో ఆవగింజలంత గోధుమ రంగు గుండ్లు ఉంటే అది స్క్లెరోషియం అనే శిలీంధ్రం తెచ్చే మొదలుకుళ్ళు. ఆ గుండ్లు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి. అందుకే మొక్కను చుట్టూ మట్టితో సహా తవ్వి, సంచిలో వేసి పొలం దాటించాలి. గట్టు మీద పడేస్తే వాననీటితో మళ్లీ పొలంలోకే వస్తాయి. బూజు ఏమీ లేకపోతే కాండం ముక్క కోసి, గాజు గ్లాసు నీళ్లలో కింది కొస మునిగేలా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో పాలలాంటి తెల్లటి ధార దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. దానికి శిలీంధ్రనాశిని దండగ.

మిరపలో పూత దశలో ముసురు పడితే చిగుళ్లు, పూలు నల్లబడి కొమ్మ పైనుంచి కిందికి కుళ్ళుతుంది. ఈ కొమ్మకుళ్ళును పొద్దున్నే, మంచు ఆరకముందే చూడాలి. కుళ్ళిన చోట సన్నటి వెండి రంగు నూగు, ఒక్కో వెంట్రుక కొసన నల్లటి బొట్టు కనిపిస్తాయి. ఎండెక్కాక వెతికితే అంత తేలిగ్గా దొరకవు. దీనికీ కాపర్ ఆక్సీక్లోరైడే, లీటరుకు 3 గ్రా.

పండుబారే మిరపకాయ మీద గుంటపడిన మచ్చ, అందులో వలయాలుగా నల్ల చుక్కలు ఉంటే కాయకుళ్ళు. అనుమానముంటే ఆ కాయను తడి కాగితంతో పాటు ప్లాస్టిక్ కవరులో రెండు రోజులు ఉంచండి, మచ్చ మీద లేత గులాబీ రంగు జిగురు తేలుతుంది. ఆ చేలోంచి విత్తనం కట్టొద్దు, తెగులు గింజతోనే వస్తుంది.

టమాటలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: కాయ అడుగు నల్లబడి తోలులా గట్టిపడటం తెగులు కాదు. నీటి తడులు హెచ్చుతగ్గులై కాల్షియం కాయకు అందక వస్తుంది. తర్వాత దాని మీద నల్లబూజు చేరేసరికి శిలీంధ్రమే అనుకుంటారు. కాయ నీరుగారి కంపు కొడితే మాత్రం బాక్టీరియానే.

నేలలోని కుళ్ళు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా. ఆఖరి దుక్కిలో వేయాల్సిన దీన్ని ఇప్పుడే సిద్ధం చేసుకోండి. ఎకరాకు 2 కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తేమ చల్లుతూ, నీడలో గోనెపట్టాలు కప్పి వారం పది రోజులు ఉంచండి. ఇదీ శిలీంధ్రమే కాబట్టి, నేలలో శిలీంధ్రనాశిని పోసిన వెంటనే వేస్తే చచ్చిపోతుంది. కనీసం రెండు వారాలు ఎడం ఇవ్వండి.