నేలపట్టు, పులికాట్‌లలో ఒక రోజు: పక్షుల్ని చూడడం, ఫొటోలు తీయడం ఎలా?

ఉమ్మడి నెల్లూరు జిల్లాలో చలికాలం ఒక్కరోజు ఖాళీ దొరికితే, ఉదయం నేలపట్టు, సాయంత్రం పులికాట్ చూసి రండి. నేలపట్టు చెరువులో గూళ్లు పెట్టుకునే గూడబాతులు (పెలికాన్లు) పిల్లల కోసం చేపలు పట్టడానికి పులికాట్ సరస్సు దాకా వెళ్తాయి. అందుకే రెండూ ఒకే రోజు చూడమంటున్నాను.

ఎప్పుడు వెళ్లాలి?

ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండితేనే పక్షులు దిగుతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గూళ్లలో పిల్లలుంటాయి కాబట్టి చూడ్డానికి అదే మంచి సమయం. వానలు సరిగా పడని ఏడాది పక్షులు బాగా తగ్గిపోతాయి. దొరవారిసత్రం, సూళ్లూరుపేట వైపు తెలిసినవాళ్లు ఉంటే నీళ్లున్నాయో లేదో ముందే కనుక్కోండి. ఇక్కడ జరిగే పక్షుల పండుగ, ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో సందడి బాగుంటుంది, పిల్లల్ని తీసుకెళ్లొచ్చు. ఫొటోల కోసమైతే మాత్రం ఇంకో రోజు చూసుకోండి.

ఏం తీసుకెళ్లాలి?

బైనాక్యులర్స్ ఉంటే కెమెరా లేకపోయినా రోజు వృథా కాదు. 8x42 రకం (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. కెమెరాకు 300 ఎంఎం, అంతకు మించిన లెన్స్ ఉంటే మంచిది. మట్టి రంగు, ఆకుపచ్చ బట్టలు వేసుకోండి. నీళ్లు, టిఫిన్, టోపీ సరే. చిన్న నోట్‌బుక్ కూడా పెట్టుకోండి.

ఉదయం నేలపట్టులో

జాతీయ రహదారి మీద దొరవారిసత్రం దగ్గర దిగితే నేలపట్టు దగ్గరే. 1976లో దీన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. తెరిచే సమయాలు ముందే కనుక్కుని, తెరవగానే లోపల ఉండేలా చూసుకోండి.

చెరువు నీళ్లలోనే నిలబడి ఉండే నీటికడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు పక్కపక్కనే గూళ్లు కడతాయి. కెమెరా వెంటనే తీయకండి. ఒక చెట్టును ఎంచుకుని కాసేపు బైనాక్యులర్స్‌తో చూస్తూ కూర్చోండి. ఏ గూటికి మేత వస్తోందో, తల్లిపక్షి ఏ వైపు నుంచి దిగుతోందో తెలుస్తుంది. పక్షులు గాలికి ఎదురుగా దిగుతాయి కాబట్టి గాలి ఎటు వీస్తోందో కూడా గమనించండి. అప్పుడు లెన్స్ ఎటు తిప్పాలో ముందే తెలుస్తుంది. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి చేప తినడం ఒక్కసారి చూశారంటే ఆ చెట్టు దగ్గర్నుంచి కదల్లేరు.

నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. తల్లీపిల్లా ఒకే ఫ్రేములో పడితే ఆ తేడా చక్కగా తెలుస్తుంది.

కూర్చున్న పక్షికి షట్టర్ స్పీడ్ 1/500 సెకను, ఎగిరేదానికి 1/2000 సెకను పెట్టండి. ఫోకస్ కంటి మీదే ఉండాలి. ముదురు ఆకుల ముందు తెల్లపక్షి ఉంటే ఫొటోలో దాని ఈకలు విడిగా కనబడకుండా తెల్లగా మాడిపోతాయి, ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) కాస్త తగ్గించండి. అదే పక్షి ఆకాశం ముందు నల్లబడుతుంది, అప్పుడు పెంచండి. ఎండెక్కాక వేడిగాలి పైకి లేస్తుంది. దాని ఆసరాతో గూడబాతులు గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకు వెళ్తాయి. ఎగిరే ఫొటోలకు అదే అదును.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టడం, రాళ్లు వేయడం, డ్రోన్ ఎగరేయడం చేయొద్దు. తల్లి ఎగిరిపోతే గుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు దొరికిపోతాయి. పక్షుల రెట్ట కలిసిన ఈ చెరువు నీళ్లు పొలాలకు బలమని ఇక్కడి రైతులకు తెలుసు, వాళ్లు ఈ పక్షుల్ని తమవిగా చూసుకుంటారు. పిల్ల కింద పడి కనిపిస్తే ముట్టుకోకుండా అటవీ సిబ్బందికి చెప్పండి.

సాయంత్రం పులికాట్‌లో

మధ్యాహ్నం సూళ్లూరుపేటలో భోజనం చేసి, ఎండ తగ్గాక శ్రీహరికోట రోడ్డు మీదికి వెళ్లండి. ఎండ మండుతున్నప్పుడు నీటి మీద గాలి అలలాడి, ఎంత మంచి లెన్స్‌తో తీసినా ఫొటో మసకగా వస్తుంది. ఈ రోడ్డు సరస్సు మధ్యగా తూర్పుకు సాగుతుంది. చలికాలం సూర్యుడు దక్షిణంగా ఉంటాడు కాబట్టి రోడ్డుకు ఉత్తరం వైపున్న పక్షుల మీద వెలుగు బాగా పడుతుంది. సాయంత్రం ఈశాన్యం వైపు చూస్తూ తీయండి.

ఫ్లెమింగోలు తల కిందులు చేసి ముక్కుతో బురదనీళ్లు వడకట్టి తింటాయి. వాటి గులాబీ రంగు ఆ తిండి నుంచే వస్తుంది. దగ్గరికి వెళ్దామని బురదలోకి దిగకండి, కాళ్లు కూరుకుపోతాయి, గుంపు లేచిపోతుంది. బండి రోడ్డు పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, లోపలి నుంచే తీస్తే పక్షులు అంతగా బెదరవు. అవతల అంతరిక్ష కేంద్రం ఉంది, దాని గేటు వైపు కెమెరా తిప్పకండి.

ఇంటికొచ్చాక

ఫొటోలు కాపీ చేసుకుని, ఏ పక్షి, ఎన్ని, ఏ వేళకు అన్నది నోట్‌బుక్ చూసి ఆ రాత్రే ఈబర్డ్‌లో (చూసిన పక్షుల వివరాలు నమోదు చేసే వెబ్‌సైట్) ఎక్కించండి. పేరు తెలియని పక్షి ఉంటే ఊహించి రాయకండి, ఫొటో జత చేసి కొంగ అనో బాతు అనో రాస్తే చాలు.