మోడిఫై చేసిన స్విఫ్ట్ మొరాయిస్తే: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

సెకండ్ హ్యాండ్ కారు కొని అలాయ్స్, ఆంప్లిఫయర్, లైట్లు వేయించాక ఏదో ఒక ఇబ్బంది మొదలవడం మామూలే. వెంటనే ఆ పార్టు తీసేసి ఇంకోటి కొనకండి. వదులుగా ఉన్న ఎర్త్, రిలే (పెద్ద కరెంటును స్విచ్ మీద పడకుండా విడిగా కలిపేది) లేని వైరు, సైజు కలవని రింగు లాంటివే ఎక్కువగా దొరుకుతాయి. కింది కొలతలు 2011–2017 మధ్య మన దగ్గర అమ్ముడైన రెండో తరం పెట్రోల్ స్విఫ్ట్‌వి. వెతికే పద్ధతి మాత్రం ఏ కారుకైనా ఒకటే. ముందుగా ఒక డిజిటల్ మల్టీమీటర్ కొనుక్కోండి.

రెండు రోజులు పార్క్ చేస్తే సెల్ఫ్ తీసుకోవట్లేదు

రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ వోల్టేజీ చూడండి. 12.6 అయితే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 12.0 కన్నా తక్కువైతే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య వస్తే ఆల్టర్నేటర్ బాగానే చార్జ్ చేస్తున్నట్టు. అది సరిగ్గా ఉండి పొద్దునకల్లా బ్యాటరీ దిగిపోతుంటే, బండి ఆపాక కూడా ఏదో కరెంటు లాగుతోంది.

ఎంత లాగుతోందో తెలుసుకోవాలంటే, మీటర్‌ని 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, టెర్మినల్‌కీ వైరుకీ మధ్య కలపండి. డోర్లు లాక్ చేసి అరగంట ఆగండి. ఈ లోపల డోరు తెరిచినా, కీ తిప్పినా రీడింగ్ పాడవుతుంది. సెల్ఫ్ కొడితే మీటర్ ఫ్యూజే పోతుంది. 0.05 ఆంపియర్ల లోపు ఉంటే మామూలే. 0.5 చూపిస్తే మాత్రం 35 ఏహెచ్ బ్యాటరీ ఒకటిన్నర రోజులో సగానికి పడిపోతుంది.

ఇప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ రీడింగ్ ఎప్పుడు పడుతుందో చూడండి. ఆంప్లిఫయర్ వైరు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది కాబట్టి క్యాబిన్ ఫ్యూజులతో అది బయటపడదు. ఆ వైరు మీదే ఉండే లైన్ ఫ్యూజును విడిగా పీకండి.

దొరికే కారణాలు ఎక్కువగా రెండే. స్టీరియో వెనక పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎరుపు వైరుకు కీ తిప్పినప్పుడే రావాలి. పని తొందరగా అవుతుందని రెండింటినీ కలిపి చుట్టేస్తే స్టీరియో ఎప్పటికీ పూర్తిగా ఆఫ్ కాదు. రెండోది ఆంప్లిఫయర్‌ని ఆన్ చేసే రిమోట్ వైరు. అది స్టీరియో నుంచి వచ్చే నీలం-తెలుపు వైరుకే వెళ్లాలి, బ్యాటరీకి కాదు. బండి ఆపిన గంట తర్వాత ఆంప్లిఫయర్ మీద చెయ్యి పెట్టి చూడండి. ఇంకా వెచ్చగా ఉంటే దొంగ అదే.

హెడ్‌లైట్ మసకగా ఉంది, 100/90 బల్బు వేస్తే హోల్డర్ కాలిపోయింది

ఒరిజినల్ బల్బు హెచ్4, 60/55 వాట్లు (హైబీమ్‌కు 60, లోబీమ్‌కు 55). హైబీమ్‌లో రెండు బల్బులూ కలిపి సుమారు 10 ఆంపియర్లు లాగుతాయి. 100 వాట్లవి వేస్తే అది దాదాపు 17కి చేరుతుంది. స్విచ్, వైరు, హోల్డర్ అంత కరెంటుకు చేసినవి కావు, అందుకే ప్లాస్టిక్ కరుగుతుంది. పైగా 100/90 రోడ్డు మీద వాడడం చట్టరీత్యా తప్పు, ఎదుటివాడి కళ్లు బైర్లు కమ్ముతాయి.

ఇంజిన్ ఆన్‌లో, లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు హోల్డర్ వెనక ఒకసారి వోల్టేజీ కొలవండి. మధ్యలో ఒక వోల్టు పైగా తేడా ఉంటే లోపం వైరింగ్‌ది. హాలోజన్ బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం తగ్గుతుంది. బల్బు మార్చినంత మాత్రాన ఆ లోటు తీరదు.

హై, లో బీమ్‌లకు ఒక్కో రిలే పెట్టండి. బ్యాటరీ నుంచి 20 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా 2.5 చదరపు మి.మీ. రాగి వైరు రిలే 30వ పిన్నుకు, 87వ పిన్ను నుంచి బల్బుకు. పాత హెడ్‌లైట్ వైరు 86కు, 85 ఎర్త్‌కు. ఎర్త్ వైర్లను పెయింటు గీకిన చోట బిగించండి. సిరామిక్ హోల్డర్ వేసి, అదే 60/55 బల్బు పెట్టండి. తేడా ఆ రాత్రే కనిపిస్తుంది.

యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో కూత

ఆంప్లిఫయర్ ఎర్త్ వైరు అరమీటరు మించకూడదు, బాడీ పెయింటు గీకి బోల్టుతో బిగించాలి. సీటు బెల్టు బోల్టు వాడొద్దు. పవర్ కేబుల్ ఒక పక్కనుంచి, పాట సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ కేబుల్ ఇంకో పక్కనుంచి లాగండి. లైన్ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఆంప్లిఫయర్ పక్కన పెడితే, మధ్యలో వైరు ఒరుసుకుపోయినప్పుడు మంటలు ఆపేది ఏదీ ఉండదు.

అలాయ్స్ వేశాక 80–110 స్పీడులో వణుకు

స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనకవి చూడండి. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కులు చూపించండి.

బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించినా తగ్గకపోతే చక్రం విప్పి మధ్య రంధ్రం కొలవండి. స్విఫ్ట్ హబ్ (చక్రం బిగించే ఇరుసు భాగం) 54.1 మి.మీ. బయట దొరికే చాలా అలాయ్స్ రంధ్రం 73.1 మి.మీ. ఉంటుంది. 4 × 100 (100 మి.మీ. వలయం మీద నాలుగు) బోల్టులు కలిసినా, చక్రం హబ్ మధ్యలో కూర్చోదు. 73.1–54.1 (బయటి, లోపలి కొలతలు) హబ్ రింగులు నాలుగు వేయించండి. హబ్ మీది తుప్పు వైరు బ్రష్‌తో తుడిచి, కారు జాకీ మీద ఉండగానే నట్లు ఎదురెదురుగా బిగించి, చివర టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్న అంకెకు తెండి. 50–100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ చూడాలి.

నట్లు కోన్ ఆకారపు సీటుకు సరిపోయేవే ఉండాలి. స్పేసర్ (హబ్‌కీ చక్రానికీ మధ్య పెట్టే పలక) వేసి ఉంటే, నట్టు చేత్తో కనీసం 8 చుట్లు ఎక్కకపోతే ఆ స్పేసర్ తీసేయండి. ఇందులో రాజీ వద్దు.

టైరు ఎక్కడో రాసుకుంటోంది

రుద్దిన గుర్తు ఎక్కడుందో చూస్తే చాలు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపలి లైనర్‌కు తగిలితే టైరు వెడల్పో, ఎత్తో ఎక్కువైనట్టు. వెనక ముగ్గురు కూర్చుని గుంతలో పడ్డప్పుడు ఫెండర్ అంచుకు తగిలితే ఆఫ్‌సెట్ (వీల్ నడిమికీ, హబ్‌కు ఆనే తలానికీ మధ్య దూరం, మి.మీ.లో) తక్కువైనట్టు. 45 బదులు 35 ఆఫ్‌సెట్ వీల్ వేస్తే టైరు 10 మి.మీ. బయటికి వస్తుంది.

ఒరిజినల్ 165/80 ఆర్14 టైరు ఎత్తు సుమారు 620 మి.మీ. 195/60 ఆర్15 అయితే 615, 195/55 ఆర్16 అయితే 621. ఈ రెండూ ఎత్తులో సరిపోతాయి. 195/65 ఆర్15 మాత్రం 634 దాటుతుంది; మీటరు 100 చూపేటప్పుడు అసలు స్పీడు అంతకుముందు కన్నా రెండున్నర కిలోమీటర్ల దాకా ఎక్కువ ఉంటుంది.

కారు కిందికి దించాక టైరు లోపలి అంచు అరుగుతోంది

స్ప్రింగులు కోసి ఉంటే వెంటనే మార్చండి. కోసిన స్ప్రింగు గట్టిపడుతుంది, చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు సీటులోంచి జారే ప్రమాదముంది. ఒరిజినల్‌వో, ఆ మోడల్‌కే చేసిన లోయరింగ్ స్ప్రింగులో వేసి, అలైన్‌మెంట్ చేయించండి. మన స్పీడ్ బ్రేకర్లకు 25–30 మి.మీ. మించి దించడం మంచిది కాదు.

సైలెన్సర్ మార్చాక చెక్ ఇంజిన్ లైట్

ఓబీడీ స్కానర్‌లో (కారు లోపాల కోడ్‌లు చదివే పరికరం) పీ0420 వస్తే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే డబ్బా) తీసేశారా అని కింద దూరి చూడండి. దాని బదులు ఉత్త పైపు వెల్డ్ చేసి ఉంటే, అసలుది మళ్లీ వేయాల్సిందే. పీ0171 (పెట్రోల్ కన్నా గాలి ఎక్కువైందనే కోడ్) వస్తే ఆక్సిజన్ సెన్సర్‌కు ముందున్న గాస్కెట్ దగ్గర లీకు వెతకండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే జాయింట్ల దగ్గర మసి, టిక్‌టిక్‌మనే చప్పుడు తెలుస్తాయి.

ఆర్సీ బదిలీ ఆగిపోయింది

కొనే ముందే ఆర్సీలోని రంగు, ఇంధనం, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండితో పోల్చండి. రంగు మార్చినా, సీఎన్‌జీ కిట్ వేసినా ఆర్సీలో ఎక్కాలి. ఫ్యాక్టరీ వివరాలకు తేడా వచ్చే మార్పులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. బదిలీకి ఫారం 29, 30 కావాలి. లోను ఉంటే 35 కూడా. తెలంగాణ బండిని ఏపీకి గానీ, ఏపీ బండిని తెలంగాణకు గానీ మార్చుకుంటే ఎన్‌ఓసీకి (పాత ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రం) ఫారం 28, పైగా లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ ఖర్చు బేరంలోనే లెక్కేసుకోండి. కొన్న 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్చమని అడగండి. మోడిఫికేషన్లు కూడా అప్పుడే రాతపూర్వకంగా చెప్పి పాలసీలో ఎక్కించుకోండి.