ఎడారి కొండల్లో చిన్న లూప్ ట్రెయిల్: బయల్దేరే ముందు

బయల్దేరిన చోటికే తిరిగొచ్చే రెండు మైళ్ల నడకదారే కదా అని చేతులూపుకుంటూ వెళ్లకండి. అరిజోనాలోని సొనోరన్ ఎడారి కొండల్లో నీడ చాలా తక్కువ.

• నీళ్లు: గంట నడకకు మనిషికి లీటరు, కారులో ఇంకో సీసా. పొడిగాలికి చెమట వెంటనే ఆరిపోతుంది, ఒంట్లో నీరు తగ్గుతున్న సంగతే తెలియదు. అందుకే దాహం వేయకముందే తాగుతూ ఉండండి. సగం నీళ్లు అయిపోయినా సగం దారి కాకపోతే వెనక్కి తిరిగేయండి.

• వేసవిలో తెల్లవారుతూనే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ముగించండి.

• జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 వరకు మాన్‌సూన్ సీజన్. ఉరుము వినిపిస్తే ఎండిన వాగులో ఆగొద్దు. వాన ఎక్కడో దూరంగా పడినా వరద ఇక్కడికి వచ్చేస్తుంది.

• దువ్వెన. ఇది మాత్రం మర్చిపోవద్దు. చోయా కాక్టస్ (ఒళ్లంతా ముళ్లుండే ఎడారి జెముడు మొక్క) ముక్క కాస్త తగిలినా పిక్కకి అతుక్కుంటుంది. చేత్తో లాగితే వేళ్లకి గుచ్చుకుంటుంది. దువ్వెన పళ్లు ముక్క కిందకి దూర్చి, ఎవరూ లేని వైపు ఒక్క విసురు విసరండి. మిగిలిన ముళ్లకి ట్వీజర్.

• రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టొద్దు. గలగల శబ్దం వస్తే అది రాటిల్‌స్నేక్ (తోక ఆడించి చప్పుడు చేసే విషపాము) కావచ్చు. ఆగండి, ఎక్కడుందో చూసుకుని మెల్లగా దూరం జరగండి.

• టోపీ, గట్టి బూట్లు, ఫోన్‌లో ఫుల్ ఛార్జింగ్.

• ఏ ట్రెయిల్, ఎన్నింటికి తిరిగొస్తారు అన్నది ఇంట్లో చెప్పి బయల్దేరండి.