సెక్యూరిటీ కన్సల్టింగ్ పని నేర్చుకుందాం – 5వ పాఠం: లోపం దొరికింది సరే, రాయడమెలా?

పోయిన పాఠంలో ఓవాస్ప్ (వెబ్ సెక్యూరిటీ మీద పనిచేసే సంస్థ) వాళ్ల జ్యూస్ షాప్‌ని, అంటే సాధన కోసం కావాలనే లోపాలతో చేసిన ఆన్‌లైన్ దుకాణాన్ని, మీ ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుని, అందులో ఇంకొకరి బుట్ట తెరిచి చూడమన్నాను. తెరిచే ఉంటారు. మన ఖాతాతో లాగిన్ అయి, బుట్ట మీద నొక్కి, ఆ రిక్వెస్ట్‌ని బర్ప్ సూట్‌లో (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య పట్టి చూపించే టూల్) రిపీటర్‌కి, అంటే మార్చి మళ్లీ పంపే చోటికి, పంపి, చివర ఉన్న 6ని 5 చేస్తే చాలు, ఎవరిదో బుట్ట కళ్ల ముందుంటుంది (మీ దాంట్లో అంకెలు వేరే ఉండొచ్చు). సినిమాలో అయితే హీరో ఇక్కడ కుర్చీలో వెనక్కి వాలి నవ్వుతాడు. మనకి అసలు పని ఇక్కడ మొదలవుతుంది.

క్లయింట్ చేతికి చివరికి అందేది ఒక్క రిపోర్టే. మనం రాత్రంతా ఏం చేశామో వాళ్లకి కనపడదు. పది రోజుల పని ఒప్పుకుంటే నేను రెండు రోజులు రాతకే తీసి పెట్టుకుంటాను. మొదటి రోజే టైమ్‌షీట్‌లో వాటిని పక్కన పెట్టకపోతే టెస్టింగ్ వాటిని మింగేస్తుంది, ఆ తర్వాత పోయేది మీ శని, ఆదివారాలే. ఈ ఉద్యోగంలో చేరేవాళ్లకి ఇంటర్వ్యూలో ఎవరూ ఈ సంగతి చెప్పరు.

ముందు, ఆ లాగిన్ ఎవరిది?

నా మొదటి ఏడాది సంగతి ఇది. రక్తపరీక్షల సెంటర్లు నడిపే ఒక సంస్థ పోర్టల్‌కి వీఏపీటీ (లోపాలు వెతికి, దూరి చూసే పరీక్ష) చేస్తున్నాం. ఫలితాల లింకులో చివరి అంకె మారిస్తే వేరే పేషెంట్ ఫలితాలు వచ్చేస్తున్నాయి. ఎగిరి గంతేశాను. ఎర్ర రంగు పులిమి రిపోర్ట్ మొదటి పేజీలోనే పెట్టాను.

వారం తర్వాత కాల్. అటువైపు తొమ్మిది మంది. వాళ్ల డెవలపర్, కుర్రాడే, చాలా మర్యాదగా అడిగాడు: "సార్, మీరు వాడిన లాగిన్ ఏ రోల్ది?"

చూసుకుంటే బ్రాంచ్ సూపర్‌వైజర్ది. వాళ్లు పంపిన ఎక్సెల్ షీట్‌లో మొదటి వరుసలో ఉంది కదా అని అదే వాడేశాను. సూపర్‌వైజర్ అందరి ఫలితాలూ చూడాలి, అది ఆయన డ్యూటీ. తల కొట్టేసినట్టయింది. మా మేనేజర్ మేడమ్ మ్యూట్ తీసి, "మళ్లీ చూసి చెప్తామండీ" అని సర్దేశారు. కాల్ అయ్యాక నాతో ఒకటే అన్నారు: "ఇకమీదట ఒకే రోల్‌లో రెండు అకౌంట్లు చేతిలో లేకుండా మొదలుపెట్టకు." ఆ మధ్యాహ్నం పేషెంట్ ఖాతాతో చేసి చూస్తే సర్వర్ శుభ్రంగా 403 (నీకు అనుమతి లేదు) ఇచ్చింది. నేను రాసిన లోపం అసలు లేనే లేదు. అదే రిపోర్ట్‌లో నిజమైనవి నాలుగున్నాయి. ఆ నాలుగింటినీ కూడా వాళ్లు అనుమానంగానే చూశారు, నా మాట మీద నమ్మకం పోయింది మరి.

అందుకని మన జ్యూస్ షాప్‌కి తిరిగొచ్చి ఇప్పుడు సరిగ్గా చేద్దాం. పోయినసారి తెరిచిన ఐదో బుట్ట ఎవరిదో మనకి తెలియదు. తెలియనివాళ్ల డేటా రుజువుగా పనికిరాదు, పైగా నిజమైన క్లయింట్ దగ్గరైతే దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. మీ పాత ఖాతాకి తోడు ఇంకో మామూలు ఖాతా తెరవండి. మొదటి దాని బుట్టలో యాపిల్ జ్యూస్, రెండో దాంట్లో బనానా జ్యూస్ వేయండి. ఇప్పుడు మొదటి ఖాతా టోకెన్‌తో (లాగిన్ అయింది ఎవరో సర్వర్‌కి చెప్పే గుర్తు) రెండో బుట్ట అడగండి. తర్వాత టోకెన్ తీసేసి, అంటే లాగిన్ లేకుండా, మళ్లీ అడగండి. రెండు జవాబులూ దాచుకోండి. లోపం ఎంతవరకు ఉందో ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆగుతుందో కూడా అంతే ముఖ్యం.

లోపాలు వాటంతటవే వెతికే స్కానర్లు ఈ రకం లోపాన్ని సరిగా పట్టలేవు. ఏడో బుట్ట ఎవరిదో స్కానర్‌కేం తెలుసు? ఓవాస్ప్ టాప్ టెన్‌లో, అంటే వాళ్లు వేసే పది పెద్ద వెబ్ లోపాల జాబితాలో, 2017లో ఐదో స్థానంలో ఉన్న యాక్సెస్ కంట్రోల్ లోపాలు (ఎవరు ఏది చూడొచ్చో సరిచూడకపోవడం) 2021 జాబితాలో మొదటి స్థానానికి ఎక్కాయి. మనలాంటి వాళ్లకి ఇంకా జీతాలు వస్తున్నాయంటే అందులో వీటి చలవ కొంత ఉంది.

ఇక రాద్దాం

కొత్తగా చేరినవాళ్లు రాసేది సాధారణంగా ఇలా ఉంటుంది:

"అప్లికేషన్‌లో ఐడార్ లోపం ఉంది. దీనివల్ల హ్యాకర్లు సున్నితమైన సమాచారాన్ని దొంగిలించే ప్రమాదం ఉంది. తగిన యాక్సెస్ కంట్రోల్స్ అమలు చేయాలి."

ఐడార్ అంటే మనం చూసిన ఈ నంబర్ మార్చే లోపమే. సరే, ఏ పేజీలో? హ్యాకర్ అంటే ఎవరు, దారిన పోయేవాడా, లాగిన్ ఉన్న కస్టమరా? ఏ సమాచారం? "తగిన" అంటే డెవలపర్ ఏ ఫైల్ తెరవాలి? ఈ మూడు వాక్యాల్ని ఏ బ్యాంకు రిపోర్ట్‌లోనైనా, ఏ కాలేజీ పోర్టల్ రిపోర్ట్‌లోనైనా అతికించొచ్చు. అతికిస్తున్నారు కూడా.

అదే సంగతి ఇలా రాసి చూడండి:

"లాగిన్ అయిన ఏ కస్టమరైనా వేరే కస్టమర్ బుట్టలోని వస్తువులు చూడగలరు. బుట్ట తెరిచే రిక్వెస్ట్‌లో దాని నంబర్ ఉంటుంది. ఆ బుట్ట అడిగిన వ్యక్తిదేనా అని సర్వర్ సరిచూడటం లేదు. పరీక్షకి రెండు కస్టమర్ ఖాతాలు వాడాం: మొదటిదాని బుట్ట 6, రెండోదాని బుట్ట 7. మొదటి ఖాతా టోకెన్‌తో 7ని అడిగితే 200 వచ్చింది, జవాబులో బనానా జ్యూస్ కనిపించింది. లాగిన్ లేకుండా అడిగితే 401 వచ్చింది. మరమ్మతు: టోకెన్‌లోని యూజర్, బుట్ట యజమాని ఒకరేనా అని ప్రతి రిక్వెస్ట్‌కీ సర్వర్‌లోనే చూడాలి. బుట్ట నంబర్‌ని ఊహించలేనంత పొడవైన ఐడీగా మార్చడం ఒక్కటే సరిపోదు."

(200 అంటే సర్వర్ అడిగింది ఇచ్చేసింది, 401 అంటే ముందు లాగిన్ అవ్వమంది.) మొదటి వాక్యం డైరెక్టర్‌కి, మధ్యలోది డెవలపర్‌కి. డైరెక్టర్ మొదటి వాక్యం దాటి చదవడు, అందుకే దాంట్లో ఐడార్ అనే మాట లేదు. స్క్రీన్‌షాట్ పెట్టేటప్పుడు టోకెన్‌ని, పేర్లని, ఫోన్ నంబర్లని చెరిపేయండి. నిజమైన క్లయింట్ దగ్గర ఒకటి రెండు రికార్డులు చాలు. "వెయ్యి దించి చూపించాను" అని గొప్పగా చెప్పుకునేవాడు చేసింది టెస్టింగ్ కాదు, డేటా లీక్.

మార్కులు

తీవ్రతకి సీవీఎస్ఎస్ స్కోర్ (లోపం ఎంత తీవ్రమో పదికి వేసే మార్కు) వేస్తాం. 4.0 వెర్షన్ 2023 నవంబర్‌లోనే వచ్చింది. నేను చూసే టెంప్లేట్లలో మాత్రం ఇంకా 3.1 ఎక్కువ, కాబట్టి దాంతోనే లెక్కేద్దాం. మన బుట్ట లోపం: నెట్ ద్వారా చేయొచ్చు, తేలిక, మామూలు లాగిన్ కావాలి, ఎవరూ ఏదీ నొక్కక్కర్లేదు, బయటపడేది బుట్టలోని సరుకు కాబట్టి గోప్యతకి నష్టం తక్కువ. స్కోర్ 4.3, మీడియం. ఇదే లోపం రక్తపరీక్షల పోర్టల్‌లో నిజంగా ఉండి ఉంటే గోప్యతకి నష్టం ఎక్కువ అవుతుంది: 6.5. అదీ మీడియమే. లాగిన్ కూడా అక్కర్లేదంటే 7.5, అప్పుడు హై. కోడ్‌లో తప్పు మూడు చోట్లా ఒకటే. చూడండి, లాగిన్ లేకుండా చేసిన ఆ ఒక్క పరీక్ష మీడియంకీ హైకీ మధ్య ఎలా నిలబడిందో.

పేషెంట్ల ఫలితాలు బయటికి పోతుంటే 6.5 ఏమిటి అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపిస్తుంది. స్కోర్‌ని అలాగే ఉంచి, ఆ పక్కన ఇవి ఎవరి ఫలితాలో, బయటపడితే ఏమవుతుందో రెండు వాక్యాల్లో రాస్తాను.

ఫోన్ వస్తుంది

రిపోర్ట్ పంపిన సాయంత్రం క్లయింట్ నుంచి ఫోన్ వస్తుంది. "సార్, శుక్రవారం రిలీజ్. ఆ హైని మీడియం చేసి పంపండి, మిగతాది మేం చూసుకుంటాం." ప్రభుత్వ వెబ్‌సైట్ అయితే టెన్షన్ ఇంకా ఎక్కువ. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) జాబితాలోని ఆడిటర్ సేఫ్ టు హోస్ట్ సర్టిఫికెట్, అంటే సైట్ పెట్టొచ్చు అనే కాగితం, ఇస్తే కానీ సైట్ ఎక్కదు. కోప్పడకండి, భయపడకండి కూడా. "స్కోర్‌లో ఏ అంశం తప్పు వేశామో చెప్పండి సార్, నిజమైతే మారుస్తాం" అనండి. ఒక్కోసారి నిజంగానే మనదే తప్పు ఉంటుంది. వాళ్లు ఆ పోర్టల్‌ని బయటివాళ్లు నేరుగా చేరలేకుండా వీపీఎన్ వెనక పెట్టి ఉండొచ్చు. అలాంటిదేమీ లేకపోతే, ఈ రిస్క్ తెలిసే ఒప్పుకుంటున్నామని వాళ్ల మెయిల్ తీసుకుని రిపోర్ట్‌లో ఉన్నదున్నట్టు ఉంచండి. రెండోసారి ఫోన్ మీకు కాదు, మీ మేనేజర్‌కి వస్తుంది. జీతంలో ఆ భాగం వాళ్లది.

ఇంకో ఫోన్ మనమే చేయాలి. టెస్టింగ్ మధ్యలో వేరేవాడు ముందే దూరి పెట్టిన వెబ్ షెల్ (సర్వర్‌ని దూరం నుంచి నడిపే దొంగ ఫైల్) లాంటిది కనిపిస్తే రిపోర్ట్ దాకా ఆగకండి. చేయి తీసేసి వెంటనే క్లయింట్‌కి ఫోన్ చేయండి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లోగా వాళ్లు దాన్ని సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలి. మీరు స్క్రీన్‌షాట్లకి బాణం గుర్తులు పెడుతూ కూర్చుంటే వాళ్ల గడియారం తిరిగిపోతుంది.

ఇంటిపని: జ్యూస్ షాప్‌లోనే ఇంకో లోపం పట్టి, పైన చూపినట్టు ఒక పేజీ దాటకుండా రాయండి. దాన్ని జ్యూస్ షాప్ పేరే వినని స్నేహితుడికి పంపి, చదువుతూ అదే లోపం మళ్లీ చేసి చూడమనండి. మధ్యలో "ఇక్కడ ఏం నొక్కాలి?" అని మీకు ఫోన్ చేస్తే, జవాబు చెప్పేసి, అదే జవాబుని పేజీలో ఆ చోట చేర్చండి. ఆ కాగితం పారేయకండి, రీటెస్ట్ (మరమ్మతు తర్వాత మళ్లీ పరీక్షించడం) పాఠంలో దానితోనే పని.